నేను తయారు చేసిన ఉత్తముల జాబితా

మనిషి చేత పని చేయించేది జీతం కాదు, మెప్పు అని ఒకప్పుడు గట్టిగా నమ్మాను. ఆ నమ్మకం నా దగ్గరే ఉండిపోయి ఉంటే ఎవరికీ నష్టం ఉండేది కాదు. భద్రాచలం పైన, గోదావరికీ ఛత్తీస్‌గఢ్ అడవికీ మధ్య ఉన్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సూపర్‌వైజర్‌గా ఉన్నప్పుడు దాన్ని అమలులో పెట్టాను. మంచి జరుగుతుందనే పెట్టాను. ఆ ఊరి పేరు, అక్కడివాళ్ల పేర్లు ఇక్కడ రాయను. రాయవలసింది నా తెలివితక్కువతనం గురించే.

ఈ ఆలోచన నా తలకెక్కింది హైదరాబాద్‌లో ఒక శిక్షణ తరగతిలో. పాఠం చెప్పినాయన ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త గురించి చెప్పారు. హెర్జ్‌బర్గ్, ఆయన సహచరులు పిట్స్‌బర్గ్ ప్రాంతంలో 203 మంది ఇంజనీర్లను, అకౌంటెంట్లను కూర్చోబెట్టి అడిగారట: ఉద్యోగంలో మీ మనసు నిండిన సందర్భం ఏది, మనసు విరిగిన సందర్భం ఏది? ఆ పుస్తకం 1959లో వచ్చింది. మనసు నిండిన కథల్లో ఎక్కువగా వినిపించినవి అనుకున్నది సాధించిన తృప్తి, నలుగురూ గుర్తించడం, పని మీది ఇష్టం. విరిగిన కథల్లో ఆఫీసు నిబంధనలు, పై అధికారి తీరు, జీతం, పనిచేసే చోటి ఇబ్బందులు. నేను మొదటి వరుస కింద రెండు గీతలు గీసుకున్నాను. రెండో వరుస రాసుకున్నానో లేదో కూడా గుర్తు లేదు.

తిరిగొచ్చిన నెలలోనే మా ఆశా కార్యకర్తల నెలవారీ సమావేశంలో కొత్త పద్ధతి ప్రకటించాను. ప్రతి నెలా ఒకరు ఉత్తమ ఆశ. ఆమె ఫొటో ఆరోగ్య కేంద్రం గోడ మీద పెడతాం, అందరి ముందూ శాలువా కప్పుతాం, ఒక స్టీలు క్యారియర్ ఇస్తాం. క్యారియర్ డబ్బులు నా జేబులోవే. ఎంపిక నిష్పక్షపాతంగా ఉండాలని అంకెలు పెట్టుకున్నాను: ఎన్ని రక్తపు స్లైడులు తీశారు, ఎన్ని కాన్పులు ఆసుపత్రిలో చేయించారు, రిజిస్టరు ఎంత శుభ్రంగా ఉంది. పెద్ద చార్టు కట్టి గోడకు అతికించాను. బాగా చేసినవాళ్ల గళ్లు పచ్చ, వెనకబడినవాళ్లవి ఎరుపు.

ఆ చార్టు ముందు కూర్చున్నవాళ్లు ఎవరో చెప్పాలి. జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ 2005లో మొదలైనప్పుడు ఊరికొక ఆశను పెట్టారు. మామూలు పల్లెల్లో వెయ్యి మందికి ఒకరు. అడవిలో గూడేలు విసిరేసినట్టు ఉంటాయి కాబట్టి ఆ లెక్క సడలించుకోవచ్చన్నారు. మా దగ్గరివాళ్లు దాదాపు అందరూ కోయ స్త్రీలు. ప్రభుత్వ కాగితాల్లో వాళ్లు ఉద్యోగులు కాదు, గౌరవ కార్యకర్తలు. జీతం ఉండదు, చేసిన పనికి ప్రోత్సాహకం ఉంటుంది. అప్పట్లో కేంద్రం పెట్టిన ధరల్లో జ్వరం వచ్చినవాళ్ల వేలు గుచ్చి రక్తం తీస్తే 15 రూపాయలు. మలేరియా తేలిన రోగి చేత మందులు పూర్తిగా మింగిస్తే 75. గర్భిణిని నెలనెలా చూసి పరీక్షలన్నీ చేయిస్తే 300, ఆసుపత్రిలో కాన్పు చేయిస్తే ఇంకో 300. పుట్టిన బిడ్డ ఇంటికి నలభై రెండు రోజుల్లోగా ఆరేడు సార్లు వెళ్లి చూస్తే అన్నిటికీ కలిపి 250. ఈ డబ్బు కూడా నెలకు నెల రాదు. మా దగ్గర నెలల తరబడి ఆగిపోయిన సందర్భాలు ఉన్నాయి. సమావేశంలో ఎవరో ఒకరు అడిగేవాళ్లు, "సారూ, పైసలెప్పుడు పడ్తయ్?" అని. బడ్జెట్ రాలేదమ్మా అని చెప్పి, నేను శాలువా తీసేవాణ్ని.

మొదటి రెండు మూడు నెలలు అంతా బాగానే ఉందనిపించింది. స్లైడులు ఒక్కసారిగా పెరిగాయి. పైనుంచి ఫోన్‌లో మెచ్చుకున్నారు. ఆ మెప్పు నాకు ఎంత హాయిగా అనిపించిందో ఇప్పటికీ గుర్తుంది. అప్పుడే అర్థం కావలసింది, కాలేదు. మన్యంలో మలేరియా వానలతో మొదలై జులై, ఆగస్టుల్లో ముదురుతుంది. కానీ మా స్లైడులు ఎండాకాలంలోనూ పెరుగుతున్నాయి. జ్వరం లేనివాళ్ల వేళ్లు కూడా గుచ్చుతున్నారని ల్యాబ్ టెక్నీషియన్ చెప్పాకే తెలిసింది. బడిపిల్లల్ని వరసగా నిలబెట్టి తీసిన స్లైడులు, ఒకే ఇంట్లో అందరివీ తీసిన స్లైడులు బల్ల మీద గుట్ట పడ్డాయి. నిజంగా చలిజ్వరంతో వణుకుతున్న మనిషి స్లైడు ఆ గుట్ట అడుగున ఉండేది. ఫలితం చెప్పేసరికి ఆలస్యమయ్యేది. ఫాల్సిపారం మలేరియాకు ఆలస్యమంటే ప్రాణం. ఈ తప్పు ఆ ఆడవాళ్లది కాదు. వాళ్లు నేను లెక్కపెట్టింది చేశారు. నేను రోగాన్ని లెక్కపెట్టలేదు, గాజు పలకల్ని లెక్కపెట్టాను.

అయినా ఆపలేదు. ఈ స్వగతం అంతా ఆ మొండితనం గురించే.

మా ఆశల్లో ఒకామె గూడెం వాగుకు ఇవతల ఉంటుంది. వాగు అవతల, అడవి లోపల గుత్తికోయల ఆవాసం ఉంది. 2005లో సల్వా జుడుం అనే మావోయిస్టు వ్యతిరేక ఉద్యమం మొదలయ్యాక ఛత్తీస్‌గఢ్ నుంచి పారిపోయి వచ్చి ఇటువైపు అడవుల్లో గుడిసెలు వేసుకున్న కుటుంబాలు అవి. అప్పట్లో మా గ్రామాల జాబితాలో ఆ ఆవాసం లేదు. జాబితాలో లేని చోట ఆమె తిరిగితే నా చార్టులో అది ఏ గడిలోనూ పడదు. అయినా తిరిగేది. వాళ్ల మాట ఆమెకు తెలుసు, ఆమె మాట వాళ్లు వింటారు. అంతకుముందు నర్సమ్మ కనిపిస్తే అడవిలోకి వెళ్లిపోయే ఆడవాళ్లు, ఈమె వెనక నడిచి వచ్చి టీకాలు వేయించుకునేవాళ్లు. ఆమె రిజిస్టరు మాత్రం నలిగిపోయి, వానకు సిరా పాకి, చూడ్డానికి ఏమీ బాగుండేది కాదు. మూడు గళ్లలో మూడూ ఎరుపే.

ఒక వానాకాలం రాత్రి అవతలి గూడెంలో ఒక గర్భిణికి నొప్పులు మొదలయ్యాయి. మా ఆశకు కబురు అందింది. మంచాన్ని వెదురు బొంగుకు కట్టి డోలీ చేసి నలుగురు మగవాళ్లు మోస్తుంటే, ఈమె టార్చిలైటు పట్టుకుని ముందు నడిచింది. వాగు పొంగి ఉంది. 108 బండి ఇవతలి ఒడ్డున రోడ్డు తెగిన చోట ఆగి ఉంది. నీళ్లు తగ్గేదాకా ఆగుదామంటే నొప్పులు ఆగవు కదా. వాగు ఒడ్డునే, చెట్టు కింద, తోడు వచ్చిన ముసలామె చేతుల్లో కాన్పయింది. తల్లికి రక్తం ఆగలేదు. మా ఆశ బిడ్డను తన ఒంటికి అదుముకుని చీరె చుట్టింది. నీళ్లు కాస్త తీసిన వెంటనే తల్లిని డోలీలో దాటించింది. బండి ఎక్కించి భద్రాచలం ఏరియా ఆసుపత్రి దాకా తోడు వెళ్లింది. తల్లికి రక్తం ఎక్కించారు. ఇద్దరూ బతికారు.

నా చార్టులో ఆ కాన్పు ఇంటి కాన్పుగా పడింది. ఆసుపత్రిలో జరగలేదు కాబట్టి 300 రూపాయలు రావు. ఇంటి కాన్పు జరిగితే ఆశను సంజాయిషీ అడగాలని అప్పుడు మా దగ్గర ఒక ఆనవాయితీ ఉండేది. నేను అడిగాను. సమావేశంలో, అందరి ముందూ, ఆసుపత్రికి ముందే ఎందుకు తీసుకురాలేదని అడిగాను. ఆమె ఏమీ మాట్లాడలేదు. పక్కనున్న నర్సమ్మ, మా ఏఎన్ఎం, జరిగినదంతా చెప్పింది. విని కూడా, సరే అయితే, అంకె మాత్రం మారదు కదా అన్నాను. ఆ నెల శాలువా ఇంకొకరికి కప్పాను. ఆమెది రోడ్డు పక్క ఊరు, 108 ఇంటి ముందుకే వస్తుంది. ఆమె కూడా మంచి కార్యకర్తే, ఆమెను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ ఇద్దరూ ఒకే పని చేస్తున్నారని అనుకోవడానికి కళ్లున్న మనిషికి వీల్లేదు. నేను అనుకున్నాను.

కొన్నాళ్లకు లోపల ఏదో కుదురు లేక, పంద్రాగస్టు ప్రశంసాపత్రానికి వాగు దాటించిన ఆమె పేరు రాసి పంపాను. ఇది నా రెండో తెలివితక్కువ పని. మొదటిదాన్ని దీంతో సరిచేస్తున్నానని అనుకున్నాను. అప్పటికి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా లేదు, అది 2016 అక్టోబరు 11న వచ్చింది. మాకు జిల్లా అంటే ఖమ్మం. చర్ల వైపు ఊళ్ల నుంచి భద్రాచలమే దాదాపు 60 కిలోమీటర్లు, అక్కడి నుంచి ఖమ్మం మరో 120. పొద్దున్నే పరేడ్ మైదానంలో ఉండాలంటే ముందురోజే బయల్దేరాలి. ఆగస్టు అంటే నాట్ల కాలం, ఆమెకు కూలి దొరికే రోజులు. జ్వరాలు ముదిరే రోజులు కూడా. చంటిపిల్లను అత్త దగ్గర వదిలి వచ్చింది. చార్జీలు ఆమెవే. చాలాసేపు ఎండలో నిలబడ్డాక పేరు పిలిచారు. వెళ్లింది, కాగితం అందుకుంది, ఫొటో తీశారు, వరసలోకి వచ్చింది. ఏం పని చేసినందుకు ఇస్తున్నారో మైకులో ఎవరూ చెప్పలేదు. వందల పేర్లున్నప్పుడు చెప్పడానికి సమయం ఉండదు. ఆ కాగితం మీదా లేదు. విధుల్లో ప్రతిభ చూపినందుకు అని మాత్రం ఉంది.

బస్టాండులో టీ తాగుతూ సంతోషమేనా అమ్మా అని అడిగాను. ఆమె కాగితాన్ని మడత పడకుండా సంచిలో పెట్టుకుంటూ చెప్పిన మాట ఇది: "మంచిగనే ఉంది సారూ. ఆ రాత్రి భద్రాచలం నుంచి తిరిగొచ్చిన ఆటోకు ఎనిమిది వందలిచ్చిన. అప్పు జేసి ఇచ్చిన. అది ఇప్పిస్తే నాకు చాలు." ఆ డబ్బు సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. ఆమె నాకు చెప్పలేదు. చెప్పే వీలు నేను ఎక్కడ ఇచ్చాను? సంజాయిషీ అడిగినవాడికి అప్పు సంగతి ఎవరు చెప్తారు?

ఆ తర్వాత పాత నోటుబుక్కు తీసి హెర్జ్‌బర్గ్ గురించి మళ్లీ చదివాను. దొరికిన పుస్తకాలు కూడా తెప్పించుకున్నాను. నేను గీత గీయని రెండో వరుస అసలు విషయం. జీతం, నిబంధనలు, పై అధికారి ప్రవర్తన సరిగా ఉన్నంత మాత్రాన మనిషి పొంగిపోడు, కానీ అవి సరిగా లేకపోతే మనసు విరిగిపోతుంది. మెప్పు ఆ విరిగినదాన్ని అతకదు. పునాది లేని గోడకు సున్నం వేసినట్టు నేను శాలువాలు కప్పాను. ఇంకో సంగతి మరీ సూటిగా తగిలింది. ఆ 203 మందీ నెల నెలా జీతం అందుకునే ఇంజనీర్లు, అకౌంటెంట్లు. వాళ్లు ఉద్యోగులా కాదా అన్న ప్రశ్నే లేదు. వాళ్ల మాటల్ని తెచ్చి, ఉద్యోగి అన్న పేరే ఇవ్వని ఒక కోయ స్త్రీ మీద ప్రయోగించాను.

మా చుట్టాల్లో ఒకాయన సింగరేణిలో, ఇల్లెందు వైపు పనిచేశాడు. ఆయనతో ఈ విషయం మాట్లాడినప్పుడు సింగరేణి సంగతి చెప్పాడు. అక్కడా ఉత్తమ కార్మికుల సన్మానాలు ఉంటాయి, డిసెంబరు 23న సింగరేణి దినోత్సవం జరుపుతారు. కానీ కార్మికుడు ఎదురుచూసేది లాభాల వాటా కోసం. ఎంత శాతమో బహిరంగంగా ప్రకటిస్తారు, యూనియన్లు దాని గురించి కొట్లాడతాయి. ఫలానా సూపర్‌వైజర్‌కు ఇష్టమైనవాడా కాదా అన్నదానితో పని లేదు. 2024 సెప్టెంబరులో 33 శాతం వాటా ప్రకటించారు, 796 కోట్లు. పర్మినెంట్ కార్మికులు 41 వేల పైచిలుకు, తలా సగటున లక్షా తొంభై వేలు. అదే ప్రకటనలో మొదటిసారి కాంట్రాక్టు కార్మికులకూ ఇచ్చారు. సుమారు 25 వేల మందికి, తలా ఐదు వేలు. ఒకే గని, ఒకే బొగ్గు. మొదటిసారి ఇచ్చారన్నది మంచి మాట, కాదనను. కానీ ఆ రెండు అంకెలూ పక్కపక్కన చూసినప్పుడు నాకు మా చార్టు గుర్తొచ్చింది. గుర్తింపు ఎవరికి హక్కుగా వస్తుందో, ఎవరికి దయగా వస్తుందో అక్కడే తేలిపోతుంది.

ఆశల విషయంలో దేశమంతా చేసింది, చిన్న ఎత్తున నేను చేసిందే. 2013 మే నెలలో జరిగిన 45వ భారత కార్మిక మహాసభ, పథకాల్లో పనిచేసే ఆశలను, అంగన్‌వాడీలను కార్మికులుగా గుర్తించాలని, కనీస వేతనం, సామాజిక భద్రత ఇవ్వాలని సిఫారసు చేసింది. అది అమలు కాలేదు. 2022 మే 22న జెనీవాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన పది లక్షల మంది ఆశలకు గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డు ఇచ్చింది. కరోనాలో వాళ్లు ఇల్లిల్లూ తిరిగిన తీరు చూసినవాళ్లెవరూ ఆ అవార్డును తక్కువగా అనరు. నేను ఆ రోజు నిజంగా సంతోషించాను. మరుసటి ఏడాది సెప్టెంబరు 25 నుంచి తెలంగాణ ఆశలు 18 వేల స్థిర వేతనం కావాలని సమ్మెకు దిగారు. అప్పటికి వాళ్లకు వస్తున్నది 9,750. భద్రాచలం ఊరు దాటి ఎటపాకలో అడుగు పెడితే ఆంధ్రప్రదేశ్, 2014లో అటు కలిపిన మండలం. అక్కడి ఆశకు 2019 నుంచి పదివేలు. అదే అడవి, అవే వాగులు, అదే దోమ. రెండు వైపులా గౌరవ కార్యకర్తలే.

ఒక మంచి సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే దాన్ని కళ్లారా చూశాను. మా కేంద్రానికి తర్వాత ఒక కొత్త డాక్టరు వచ్చారు. చార్టు గోడ మీద నుంచి తీయించారు. సమావేశంలో ప్రతి ఆశనూ ఒకే ప్రశ్న అడిగేవారు: ఈ నెల నీకు అన్నిటికంటే కష్టమైన మనిషి ఎవరు? చెప్తుంటే రాసుకునేవారు. తెలుగులో తడబడే ఆమెను కోయలోనే చెప్పమని, పక్కామెను తర్జుమా చేయమనేవారు. వాగు అవతల తిరిగే ఆమె తన వంతు వచ్చినప్పుడు రెండు విషయాలు అడిగింది. వానలు పడకముందే, మలేరియాను అక్కడికక్కడే తేల్చే ఆర్‌డీటీ కిట్లు, మలేరియా బిళ్లలు మూడు నెలలకు సరిపడా తన దగ్గర ఉంచాలి. వాగు అవతలి గర్భిణులను నెలలు నిండక ముందే ఇవతలికి తెచ్చి ఉంచే చోటు చూపించాలి. డాక్టరు అప్పటికప్పుడు ఇండెంటు రాశారు. జూన్ మొదటి వారానికి కిట్లు ఆమె ఇంట్లో ఉన్నాయి. గర్భిణుల కోసం సబ్‌సెంటర్ పక్క గది ఖాళీ చేయించారు. ఆ ఆవాసం పేరు మా సర్వే పుస్తకంలో ఎక్కించారు, ఆమె అక్కడికి వెళ్లిన ప్రతి రోజూ లెక్కలోకి వచ్చింది. ఆటో డబ్బులు ఆసుపత్రి అభివృద్ధి నిధి నుంచి ఇప్పించారు, రసీదు లేకపోతే ఏఎన్ఎం చేత రాయించారు. శాలువా లేదు, ఫొటో లేదు. తర్వాతి సమావేశానికి ఆమె అందరికంటే ముందు వచ్చి కూర్చుంది. ఆ తర్వాత ఏ సమావేశంలోనూ నోరు మూసుకుని కూర్చోలేదు.

అవన్నీ నేనూ చేయగలిగినవే. ఇండెంటు రాసే అధికారం నాకూ ఉంది, నిధి నుంచి ఇప్పించమని అడిగే అధికారం ఉంది, ఆవాసం పేరు సర్వేలో పెట్టమని కాగితం పంపే అధికారం ఉంది. అవి వదిలేసి క్యారియర్లు కొన్నాను. క్యారియర్ కొనడం తేలిక. ఒకరి బకాయి గురించి పై ఆఫీసుకు పదే పదే రాయడం కష్టం, చెడ్డపేరు వస్తుంది. మెచ్చుకోవడం వల్ల మెచ్చుకున్నవాడికీ మంచిపేరు వస్తుంది. ఆ మంచిపేరు మీది మోజే నన్ను అంత కాలం నడిపించిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

సన్మానాలు వద్దని నేను అనడం లేదు. అడవిలో ఒంటరిగా తిరిగే మనిషిని నలుగురి ముందు నిలబెట్టి, ఆమె ఏం చేసిందో పేరుపేరునా చెప్పాలి. ఏ రాత్రి, ఏ వాగు, ఎవరి ప్రాణం అని చెప్పాలి. అది వినే హక్కు ఆమెకు ఉంది, ఆమె పిల్లలకు ఉంది.

ఏజెన్సీలో ఇప్పుడు సూపర్‌వైజర్లుగా ఉన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మనవి. జనవరి 26కి, పంద్రాగస్టుకు మిమ్మల్ని పేర్లు అడుగుతారు. జాబితా పంపే ముందు ఆ మనిషికి రావలసిన ప్రోత్సాహకం బ్యాంకులో పడిందో లేదో పాసుబుక్కు తెప్పించి చూడండి. పడకపోతే ఆ బకాయి కాగితం ముందు పంపండి, ప్రశంసాపత్రం తర్వాత పంపండి. పేరు ఎదురుగా ఆమె చేసిన పనిని రెండు వాక్యాల్లో రాయండి, వేదిక మీద అది చదవమని పట్టుబట్టండి. ఖమ్మమైనా కొత్తగూడెమైనా, రానుపోను చార్జీలు, ఆ రెండు రోజుల కూలి మీ ఆఫీసు నుంచి ఇప్పించండి.